తౌడు జాడీ ఆవిడ

శనివారం సాయంత్రాలు పెళ్ళాన్ని ఇంట్లోంచి బయటికి పంపడమెలా అని ఆలోచిస్తూ తమోత్సు ఆ రోజు పొద్దుటి నుంచీ టీ మీద టీ చల్లార్చుకుంటున్నాడు.

అపార్థం చేసుకోకండి. యాభై దాటిన మనిషి. బొజ్జ ఉంది, జుట్టు లేదు. పక్కింటి వైపు చూడాలన్నా ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి. అది దొరికేసరికి ఎందుకు చూడాలనుకున్నాడో మర్చిపోతాడు. అతని బాధ వేరు.

తమోత్సు దయ్యాల బొమ్మల కథలు గీస్తాడు. పుస్తకాల మీద అతని పేరు కురోహకా, అంటే నల్ల సమాధి. ఆ పేరు చూసి, ఈయనెవరో గడ్డం పెంచుకుని కపాలంలో కాఫీ తాగే మనిషనుకుంటారు అభిమానులు. ఆ నల్ల సమాధిగారు స్నానాల గదిలో బొద్దింక కనబడితే తలుపు దగ్గరికేసి పెళ్ళాన్ని కేకేస్తాడు.

అతని కథలన్నింట్లోకీ బాగా పేరొచ్చింది ‘తౌడు జాడీ’. అందులో దయ్యానికి పేరు లేదు. అందరూ జాడీ ఆవిడ అంటారు. చూడ్డానికి మామూలు ఇల్లాలు. దారి తప్పి తలుపు తట్టినవాళ్ళని లోపలికి పిలిచి, చాప మీద కూర్చోబెట్టి, వేడివేడి టీ ఇచ్చి, నెమ్మదిగా ఒక ప్రశ్న అడుగుతుంది. నిజం చెప్పినవాడికి నాలుగు ఊరగాయ ముక్కలు పెట్టి పంపిస్తుంది. అబద్ధం చెప్పినవాడి ముందు తల కాస్త ఎడమవైపుకి వంచి, పెదాలు విడకుండా నవ్వి, “అలాగా” అంటుంది. తర్వాత ఏప్రాన్ ముడి విప్పి, మళ్ళీ బిగించి కట్టుకుని, చేతులు నేల మీద ఆన్చకుండా మోకాళ్ళ మీంచి లేస్తుంది. పేజీ తిప్పితే వంటింట్లో జాడీ మూత కదుల్తూ ఉంటుంది.

ఆ “అలాగా” చదివి కాలేజీ కుర్రాళ్ళు దీపాలు వేసుకుని పడుకున్నారు. ఇంత భయంకరమైన ఊహ ఎలా వచ్చింది మాస్టారూ అని పత్రికలవాళ్ళు అడిగితే, తమోత్సు పైకప్పుకేసి చూసి, “చీకట్లోంచి” అనేవాడు.

చీకటీ లేదు, గీకటీ లేదు. వంటింట్లోంచి.

అతని భార్య చిగుసా పెళ్ళికి ముందు ఒక పెద్ద కొట్లో లిఫ్టు నడిపేది. “పైకి వెళ్తున్నామండీ” అని ఆవిడ అనే తీరు కోసం తమోత్సు ఒక వేసవంతా పైకీ కిందికీ తిరిగాడు. ఏం కొనాలండీ అని ఆవిడ అడిగితే, గొడుగు అన్నాడు. ఆవిడ తల కాస్త ఎడమవైపుకి వంచి, “అలాగా” అంది. గొడుగుల అంతస్తు వచ్చేలోపే ఇతను ఉన్న విషయమంతా కక్కేసి, పెళ్ళి దాకా వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ అంతే. పొద్దున్నే ఆవిడ ఊరగాయకని ఉప్పు తౌడు నింపిన జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కీరకాయలూ ముల్లంగీ తిరగేస్తుంటే, నిన్న నేను బీరు తాగలేదని ఇతను గుమ్మంలోంచే చెప్పేవాడు. ఆవిడ “అలాగా” అనేది. మరుక్షణం ఎన్ని సీసాలో, ఎవరితోనో, ఏం నంజుకున్నాడో వరసగా బయటికొచ్చేవి. ఆవిడలో దయా ఉంది, దయ్యమూ ఉంది. ఏది ముందొస్తుందన్నది ఇతను ఆడే అబద్ధాన్ని బట్టి.

అదృష్టం కొద్దీ చిగుసా అతని పుస్తకాలు ముట్టదు. “నాకు భయమండీ” అని పెళ్ళికి ముందే చెప్పేసింది. టీ కప్పు గది గుమ్మం దగ్గర పెట్టి, కళ్ళు పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయేది. అందుకే భార్యని దయ్యం చేసి ఊరంతా అమ్ముకుంటున్నా, ఇంట్లో కాపురం చల్లగా సాగిపోయింది.

ఇప్పుడొచ్చింది చిక్కు. తౌడు జాడీని కదిలే బొమ్మలుగా చేసి టీవీలో వేస్తున్నారు. జులై నుంచి, శనివారం శనివారం, సాయంత్రం ఆరింటికి. నడివేసవిలో దయ్యాలకి గిరాకీ కదా, ఉక్కపోతకి వెన్నులో చలే మందు.

స్టూడియో వాళ్ళ ఊళ్ళోనే, రైలు గేటుకి అవతల. దర్శకుడు నెజు అని ఒక బక్కపలచటి మనిషి, హెడ్‌ఫోన్లు మెళ్ళో తావళంలా వేసుకుని తిరుగుతాడు. “జాడీ ఆవిడ మోకాళ్ళ మీంచి ఎలా లేస్తుంది మాస్టారూ?” అని అడిగితే తమోత్సు ఉత్సాహంగా లేచి చూపించాడు. ముడి ఎలా బిగిస్తుంది అంటే బిగించి చూపించాడు. అక్కడి కుర్రాళ్ళు తలలూపుతూ గీసుకున్నారు. పై నెలలో నెజు తెర మీద ఆ ముక్క వేసి చూపిస్తే, తమోత్సు కుర్చీలోంచి లేచి, “ఇదిగో, ఇప్పుడే ఇంటికొచ్చేస్తున్నా” అనేశాడు.

కాగితం మీదైతే పోలిక. కదిలేసరికి అది చిగుసాయే.

ఇంటికొచ్చే దారంతా అతనికి ఒకటే బెంగ. ఆవిడ తిడుతుందని కాదు, తిట్లు అలవాటే. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఈ మనిషికి నాలో కనబడింది దయ్యమేనా అని ఆవిడ నొచ్చుకుంటే? ఆ ముఖం ఎలా గీయాలో కూడా అతనికి తెలీదు. ఎప్పుడూ చూడలేదు.

ఒక్కటే ఊరట. దయ్యానికి గొంతు ఇంకా దొరకలేదు. తమోత్సు మర్నాడే పరిగెత్తి, “బాగా బొంగురుగా ఉండాలి. మగగొంతైతే మరీ మంచిది” అని నెజుకి నూరిపోశాడు. నెజు వినయంగా వంగి, “మీరు బెంగపడకండి మాస్టారూ, గొంతు దొరికింది. వింటే మీకే ఒళ్ళు జలదరిస్తుంది” అన్నాడు.

మిగిలింది శనివారాలు. ఏప్రిల్లోనే మొదలుపెడితే జులైకి అలవాటైపోతుందని తమోత్సు లెక్క.

“చిగుసా, నువ్వీమధ్య బొత్తిగా ఇంటికి అతుక్కుపోయావు.”

“పొద్దున కూరలకెళ్ళాను. తర్వాత పోస్టాఫీసుకెళ్ళాను. మీ బూట్లు బాగుచేయించుకొచ్చాను. మీరెక్కడికెళ్ళారు?”

“మేడ మీదికి.”

“అయితే అతుక్కుపోయింది నేనన్నమాట.”

“అది కాదు. సరదాగా ఏదైనా నేర్చుకోరాదూ? శనివారాలు. నాలుగింటి నుంచి ఏడు దాకా.”

“ఏం నేర్చుకోవాలో తెలీదు గానీ, ఎప్పుడు నేర్చుకోవాలో మాత్రం మీకు బాగా తెలుసు.”

తమోత్సు గబగబా అన్నం ముద్ద నోట్లో కుక్కుకున్నాడు. ఆవిడ “అలాగా” అంటే జవాబు చెప్పకుండా ఉండడానికి అతను కనిపెట్టిన ఏకైక ఉపాయం అది. కానీ ఆవిడ ఆ మాట అనలేదు. టీ పోసుకుంటూ, “సరే, పాటలు నేర్చుకుంటాను. స్టేషన్ అవతల ఎవరో నేర్పుతున్నారట” అంది.

ఇంత సులువుగా గెలిచినవాడికి నిద్ర పట్టాలి. పట్టింది కూడా. అదే మగవాళ్ళ బలహీనత.

శనివారాలు చిగుసా చక్కగా తయారై వెళ్ళేది. వచ్చేసరికి గొంతు బొంగురు. తేనె, అల్లం కలుపుకుని తాగేది. ఒక్కోసారి స్నానాల గదిలోంచి సన్నగా ఒక మూలుగు, దాని వెనక ఒక నవ్వు వినబడేవి.

“అదేం పాట?” అన్నాడు తమోత్సు తలుపు బయట నిలబడి.

“పాత జాలరి పాటండీ. సముద్రంలో మునిగిపోయిన మొగుడి గురించి.”

“కాస్త విషాదంగా ఉందే.”

“ఎవరికి?” అంది లోపల్నించి.

జూన్ చివర్లో ఆవిడ సంచీ సర్దుతూ, “క్లాసు అయిపోయిందండీ. వచ్చే శనివారం నుంచి హాయిగా ఇంట్లోనే” అంది. 

ఆ మధ్యాహ్నమే ఆవిడ పక్కింటికెళ్ళిన సమయం చూసి తమోత్సు వరండా కప్పెక్కాడు. టీవీ తీగ కత్తెరతో కోశాడు. దిగేటప్పుడు మోకాలు చెక్కుకుపోయింది. చిగుసా వచ్చి టీవీ పెడితే తెరంతా చీమల పుట్ట.

“కాకి,” అన్నాడు తమోత్సు. “ఈ కాలం కాకులు తీగలు కొరుకుతున్నాయి.”

“అలాగా.”

నోట్లో ముందే పెట్టుకున్న పెద్ద అన్నం ముద్దని అతను కళ్ళు మూసుకుని నమిలాడు. ఆవిడ నిచ్చెనేసుకుని కప్పెక్కింది. నలుపు టేపు చుట్టి దిగింది. “చాలా నీటైన కాకి అండీ, తిన్నగా కోసింది” అని చెయ్యి కడుక్కుని, అతని మోకాలికి మందు రాసింది. ఎలా తగిలిందని మాత్రం అడగలేదు. ఆ అడక్కపోవడం అతనికి మందు కంటే ఎక్కువ మండింది.

ఇంతలో స్టేషన్లో పోస్టర్లు వెలిశాయి. జాడీ ఆవిడ వెనక్కి తిరిగి ఏప్రాన్ ముడి బిగిస్తున్న బొమ్మ. పక్కింటి హమురో బామ్మగారు వీధి సంఘానికి పెద్ద. ఎనభై దాటినా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. తమోత్సుని గేటు దగ్గర పట్టుకుంది.

“ఆ ముడి నాకు తెలుసు నాయనా. రోజూ మీ పెరట్లో బట్టలారేస్తూ కనబడుతుంది.”

“దేశంలో ఆడవాళ్ళందరూ అలాగే కడతారండీ.”

“నేను కట్టను.”

తమోత్సు ఆ సాయంత్రం మంచి ఖర్బూజా పండొకటి పెట్టెలో పెట్టి, రిబ్బను కట్టి తీసుకెళ్ళాడు. “ఈ బొమ్మల విషయం మీ నోటి నుంచి... అంటే, ఈ శనివారం... మీరు పెద్దవారు, మీకు తెలియందేముంది” అని గొణిగి, వంగి వంగి వెనక్కి నడిచి వచ్చేశాడు.

మన దేశంలో మాట సగం చెప్తే మిగతా సగం అవతలివాళ్ళు పూరించుకోవడం మర్యాద. బామ్మగారు పండు కోసుకు తింటూ పూరించుకుంది. పాపం, మన వీధి కుర్రాడి బొమ్మ టీవీలో వస్తోంది, నలుగురికీ చెప్పమని నోరు తెరిచి అడగలేక సిగ్గుపడుతున్నాడు. మర్నాటికల్లా వీధి సంఘంవాళ్ళ చేత చాటింపు వేయించినంత పని చేసింది. శనివారం సాయంత్రం సంఘం హాల్లో పెద్ద తెర మీద తౌడు జాడీ, అందరూ రావాలి, ముందు వరసలో నల్ల సమాధి దంపతులు.

“ఎంత బాగుందండీ,” అంది చిగుసా. “ఏ బట్టలు కట్టుకోను?”

“నీకు దయ్యాలంటే భయం కదా.”

“మీరు పక్కనుంటారుగా.”

శనివారం పొద్దున తమోత్సుకి కడుపునొప్పి వచ్చింది. పక్క మీద మెలికలు తిరిగాడు. నిజానికి మెలికలు తిరిగే దయ్యాన్ని అతను ఒక కథలో గీశాడు, దాన్నే చూసి చేశాడు. చిగుసా అతని నుదురు మీద చెయ్యి వేసి, చప్పిడి గంజి కాచి, అందులో ఒక పుల్లటి ఉప్పు రేగు వేసి తెచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ గంజి. వంటింట్లోంచి మాత్రం ఈల్ చేప కాలుతున్న వాసన.

“అది ఎవరికి?”

“నాకండీ. హాల్లో చాలాసేపు కూర్చోవాలిగా.”

“నువ్వు వెళ్తున్నావా? నేను ఇలా పడుంటే?”

“మీ పరువు పోదూ, ఇద్దరం మానేస్తే. మీరు పడుకోండి. మీ బదులు నేను చూసి, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తాను.”

కుడితిలో పడ్డ ఎలుకకి ఒక్క కుడితే. ఇతనికి గంజి కూడా. ఆవిడొక్కతే చూడడం కంటే పక్కనుండి ఏదో ఒకటి చెప్పి అడ్డుపడడం మేలనుకుని, అయిదున్నరకి తమోత్సు లేచి చొక్కా వేసుకున్నాడు. నొప్పి ఎలా తగ్గిందని ఆవిడ అప్పుడూ అడగలేదు. చేపలో సగం ఆకు కింద దాచి ఉంచింది. “తినండి, మళ్ళీ నీరసం వస్తుంది” అంది.

హాలంతా జనం. గుమ్మం బయట చెప్పుల గుట్ట. విసనకర్రల చప్పుడు. బార్లీ టీ కూజాలు చేతులు మారుతున్నాయి. వెనక గోడకానుకుని నెజు కూడా నిలబడ్డాడు. తమోత్సు దిండు మీద కూర్చున్నాడే గానీ, చూపు తెర మీద లేదు. భార్య ముఖం మీద ఉంది. ఆవిడ సంచీలోంచి కరకరలాడే బియ్యపు బిళ్ళల పొట్లం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

దీపాలు ఆర్పారు. తెర మీద వాన. గడ్డపారలమ్మే వర్తకుడొకడు తడిసిపోయి తలుపు తట్టాడు. ఇల్లాలు లోపలికి పిలిచింది. తలుపు తీసేటప్పుడు మాట లేదు, వంగి నమస్కారమే. చాప, టీ. వెనకనుంచి ముడి. జనంలో గుసగుస మొదలైంది. హమురో బామ్మగారు, “నేను చెప్పలా” అంది గట్టిగానే. తమోత్సు చెమటలు కక్కుతూ చిగుసా వైపుకి వంగి, “వీళ్ళకి గీయడం రాలేదు, నేను గీసింది వేరేలా ఉంటుంది” అన్నాడు. ఆవిడ బిళ్ళ నములుతోంది.

మీకు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని నోరు విప్పకుండా ఒక చీటీ రాసి చూపించింది ఆ ఇల్లాలు. భార్యాబిడ్డలెవరూ లేరు, ఒంటరివాణ్ణని వర్తకుడు తడుముకోకుండా చెప్పాడు. వాన ఆగింది. హాల్లో విసనకర్రలూ ఆగాయి.

“అలాగా.”

తమోత్సు చెవి పక్కనే అన్నట్టు వినబడింది. ఆ మెత్తదనం, ఆ చివరి అచ్చులో చిన్న సాగతీత. నోట్లో అన్నం ముద్ద లేదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు అలవాటు అతన్ని మెడ పట్టుకుని లేపింది.

“కాకి కాదు, నేనే,” అన్నాడు హాలంతా వినబడేలా. “కత్తెరతో కోశాను. కప్పు దిగుతూ పడ్డాను. పొద్దున్నించీ కడుపునొప్పి లేదు, ఒట్టి నాటకం. పాటల క్లాసు కూడా నిన్ను ఇంట్లోంచి పంపడానికే. బీరు బట్టలుతికే మిషను వెనకాల ఉంది. చిన్న సీసాలు కాదు, పెద్దవి. హమురోగారికి ఖర్బూజా నోరు మూయించడానికి ఇచ్చాను. ఆ దయ్యం నువ్వే. మొదటి పేజీ నుంచీ నువ్వే. నన్ను క్షమించు.”

తెర మీద వర్తకుడు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. వాడి కంటే ముందు ఇతను ఒప్పుకున్నాడు.

మొదట వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలు ఒక్కసారిగా విరగబడింది. జాడీ మూత కదిలే చప్పుడు ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడనే లేదు. “నోరు మూయించడానికా, నాకు తెలీక వీధంతా చాటించానే” అని బామ్మగారు కళ్ళు తుడుచుకుంది. తమోత్సు తల తిప్పి చిగుసాని చూశాడు. ఆవిడ బుగ్గ నిండా బియ్యపు బిళ్ళ. మాట్లాడే వీలే లేదు. మరి ఆ మాట అన్నదెవరు?

చివర్లో పేర్లు నడిచాయి. జాడీ ఆవిడ గొంతు అని ఉన్నచోట చిగుసా పుట్టింటి పేరుంది. దీపాలు వెలిగాక నెజు ముందుకొచ్చి, తమోత్సుని దాటి, ఆవిడకి నడుం విరిగేలా వంగాడు. “అమ్మా, హాల్లో మనుషులే లేచి ఒప్పుకుంటున్నారు. నా వృత్తిలో ఇలాంటిది చూడలేదు.”

ఇంటికెళ్ళే దారిలో తమోత్సు నాలుగడుగులు వెనక నడిచాడు. కాలవ పక్క గడ్డిలో పురుగులు కూస్తున్నాయి. ఇంకా వెలుగుంది.

“ఎప్పట్నుంచి తెలుసు?” అన్నాడు చివరికి.

“ఏది? బీరా, బొమ్మా?”

“బొమ్మ.”

“మొదటి పుస్తకం నుంచే.”

“నీకు భయమన్నావుగా.”

“దయ్యాలంటే భయం. అది నేనేగా. నన్ను చూసి నేనేం భయపడను?” ఆవిడ ఆగి, అతను వచ్చి కలిసేదాకా నిలబడింది. “మార్చిలో ఆ నెజు ఫోను చేశాడు. మీరు స్నానంలో ఉన్నారు. మీరు పంపిన బొమ్మలు ఇంకా అందలేదన్నాడు. పోస్టు చేసింది నేను. అలాగా అన్నాను. అవతల ఫోను కిందపడిన చప్పుడు. కాసేపటికి ఎత్తి, రైల్లో పోగొట్టేశానని ఏడుపు గొంతుతో ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, అమ్మా, మీరు ఒక్కసారి స్టూడియోకి రాగలరా అన్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరు పరిగెత్తి మగగొంతు పెట్టించేవారు. పెట్టించబోయారటగా. రికార్డింగేమో శనివారాలు, నాలుగు నుంచి ఏడు. మీకేం చెప్పి వెళ్ళాలా అని తలపట్టుకుంటుంటే, దేవుడిలా మీరే వచ్చి శనివారాలు ఏదైనా నేర్చుకోమన్నారు.”

 తమోత్సు కాలవలోకి ఒక రాయి తన్నాడు. “నీకు బాధ కలగలేదా? నిన్ను దయ్యాన్ని చేశానని.”

“కలిగింది. రెండో పుస్తకంలో మెడ అంత పొడుగు గీశారు, వారం రోజులు మీకు చేప తోకలే పెట్టాను. మీరు గమనించలేదు.” చిగుసా నవ్వింది, ఈసారి పెదాలు విడదీసి. “తర్వాత ఒకరోజు అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. తల ఎడమవైపుకి వంచుతానని నాకే తెలీదండీ. హమురోగారి మొగుడికి, పాపం పోయారు, ఆవిడ జుట్టు కత్తిరించుకుంటే నెల దాకా తెలిసేది కాదట. నా మొగుడు నేను ముడెలా వేసుకుంటానో కూడా చూసిపెట్టుకున్నాడు. ఇంకేం బాధపడను?”

తమోత్సు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది కళ్ళజోడు కాదు.

ఆకురాలు కాలానికి రెండో భాగం ఖాయమైంది. శనివారాలు చిగుసా మళ్ళీ రైలు గేటు దాటి వెళ్తుంది. వంట తమోత్సుది. మొదటి శనివారం అతను సౌరీ చేప కాల్చబోతే, చేప తప్ప మిగతావన్నీ కాలాయి. ఇల్లంతా పొగ, కిటికీలన్నీ బార్లా తెరిచారు. చిగుసా గొంతు పాడవకూడదని ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, “పదండి, బయట తిందాం” అంది.

వీధి చివర గోధుమ నూడుల్స్ కొట్టుకెళ్ళారు. కొట్టాయన వీళ్ళని చూడగానే చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సంతకాల కోసం దాచిన తెల్ల అట్ట చేతిలో ఉంది. తమోత్సు చిరునవ్వుతో కలం మూత తీసి, నల్ల సమాధి అని వంకర్లు తిప్పుతూ రాయడానికి వేళ్ళు విరుచుకున్నాడు. కొట్టాయన ఆ కలం మర్యాదగా అందుకుని చిగుసాకి ఇచ్చాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి తమోత్సు చేతిలో పెట్టాడు.

“మాస్టారూ, మీరు కాస్త ఫొటో తీసిపెడతారా?”

తమోత్సు తీశాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఆ కొట్లో గల్లాపెట్టె పైన గోడకుంది. చిగుసా, కొట్టాయన, వాళ్ళ మధ్య ఆవిరి కక్కుతున్న గిన్నె. కుడివైపు మూల గులాబీ రంగులో ఒక బొటనవేలు సగం పడింది. అది ఎవరిదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.